క్యాన్సర్ పరిశోధకుల్ని తయారు చేయడం: బయటికి పంపాలా, ఉన్నచోటే నేర్పాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇదీ. ఆదాయం తక్కువున్న దేశంలో ఒక ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి. మూడేళ్ల శిక్షణకు నిధులు వచ్చాయి. ఆరుగురు యువ డాక్టర్లను విదేశీ ల్యాబులకు రెండేళ్ల చొప్పున పంపడమా, అదే డబ్బుతో ఇక్కడే నేర్పించడమా? ఇక్కడే అయితే ఏది ముందు, ఏది తర్వాత? నేర్చుకున్నవాళ్లు వెళ్లిపోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

సూటిగా చెప్తాను. ఆరుగురు డాక్టర్లనూ రెండేళ్లకు పంపొద్దు. ముందు మీ ఆసుపత్రిలోనే జవాబు దొరికే ప్రశ్న ఒకటి ఎంచుకోండి. దాని చుట్టూ ఒక జట్టు కట్టండి: ఇద్దరు డాక్టర్లు, ఒక పాథాలజిస్టు లేదా ల్యాబ్ టెక్నీషియన్, ఒక డేటా మేనేజరు, ఒక స్టాటిస్టీషియన్, ఒక రిసెర్చ్ నర్సు. మొదటి ఏడాది ఉన్నచోటే నేర్పండి. పని చేస్తుంటే ఎవరికి ఏ పద్ధతి కొరవడిందో తేలుతుంది. అప్పుడు ఆ ఒక్క పద్ధతి కోసం మూడు నుంచి ఆరు నెలలు పంపండి. తిరిగొచ్చాక కూర్చునే పోస్టు, వారంలో రెండు రోజుల పరిశోధన సమయం, పని మొదలుపెట్టడానికి చిన్న గ్రాంటు, ఈ మూడూ వాళ్లు బయల్దేరకముందే కాగితం మీద ఉండాలి.

ఎందుకంటే ఏ ల్యాబులో పెరిగితే ఆ ల్యాబు ప్రశ్నలే పరిశోధకుడికి అబ్బుతాయి. రెండేళ్లు ఎలుకల మోడళ్ల మీదో, సింగిల్ సెల్ సీక్వెన్సింగ్ (ఒక్కో కణం జన్యువుల్ని విడిగా చదవడం) మీదో పనిచేసిన మనిషి తిరిగొస్తే ఇక్కడ ఆ యంత్రం ఉండదు. యంత్రం ఉంటే రీఏజెంట్లు (పరీక్షకు వాడే రసాయనాలు) ఉండవు. రీఏజెంట్లు తెప్పించినా కస్టమ్స్‌లో వారాలు నిలిచి, చల్లదనం పోయి చేరతాయి. రోజుకు అరవై మంది ఓపీ చూస్తూ ఏడాది గడిచేసరికి నేర్చుకున్నది తుప్పు పడుతుంది. అప్పుడు పాత ల్యాబు నుంచి ఒక ఉత్తరం వస్తే వెళ్లిపోతారు. ఇందులో వాళ్ల తప్పు లేదు. ఆ చదువుకు ఇక్కడ పని కల్పించకపోవడమే తప్పు.

పీహెచ్‌డీ అవసరమైతే శాండ్‌విచ్ పద్ధతి మేలు. రిజిస్ట్రేషన్ మీ దేశపు యూనివర్సిటీలో, శాంపిళ్లూ డేటా మీ ఆసుపత్రివి, మధ్యలో రెండు విడతలుగా బయట. థీసిస్ ప్రశ్న మీ రోగుల నుంచే పుడుతుంది కాబట్టి తిరిగి రావడానికి కారణం చదువులోనే ఉంటుంది.

ఖరీదైన ల్యాబు లేకపోతే పెద్ద పరిశోధన జరగదనే భయం వదిలేయండి. మీ బలం రోగుల సంఖ్య. మందుల కంపెనీలకు ఆసక్తి లేని ప్రశ్నలు మీ దగ్గరే తేలతాయి. భారతదేశంలో 11 కేంద్రాల్లో 1,600 మంది మహిళలపై జరిగిన ట్రయల్ చూడండి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కు కొన్ని నిమిషాల ముందు గడ్డ చుట్టూ 0.5 శాతం లిడోకైన్ అనే మత్తుమందు ఎక్కించారు. అయిదేళ్లకు బతికున్నవాళ్లు 86.4 శాతం నుంచి 90.1 శాతానికి పెరిగారు. ఫలితం 2023లో వచ్చింది. ఇంకోచోట మళ్లీ రుజువు కావాల్సిన ఫలితమే, కానీ వాడిన మందు ప్రతి ఆపరేషన్ థియేటర్లోనూ ఉండేదే. తల, మెడ క్యాన్సర్లలో నివోలుమాబ్ అనే ఖరీదైన ఇమ్యునోథెరపీ మందును మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు, అంటే మామూలు మోతాదులో పదో వంతు కూడా కాదు, ముంబయిలో పరీక్షించారు. 151 మంది రోగులు. ఏడాదికి బతికున్నవాళ్లు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి వెళ్లారు. మోతాదు తగ్గించి చూద్దామని తయారీదారు తనంతట తాను అడగడు. అడగాల్సింది ఆ మందు కొనలేని చోట ఉన్న డాక్టరే.

కెన్యాలో జరిగిన కెన్-షీ ట్రయల్ కూడా అలాంటిదే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను ఆపే హెచ్‌పీవీ టీకా ఒక్క డోసు చాలునా అన్నది ప్రశ్న. 2,275 మంది యువతులపై 18 నెలలకు 97.5 శాతం రక్షణ కనిపించింది. ఇలాంటి ఆధారాలన్నీ కలిసి 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు పద్ధతికి ఒప్పుకుంది. మూడు డోసులు కొనగలిగే దేశాలకు ఈ ప్రశ్న అంత అత్యవసరంగా తోచదు.

ఇప్పుడు ఏది ముందు నేర్పాలన్నది. మొదటి మూడు నెలలు కేసు షీట్లతోనే. ఇది చిన్నచూపు చూసే పని, కానీ అన్నిటికంటే ఎక్కువ నేర్పేది ఇదే. ఒకే రకం క్యాన్సర్‌వి యాభై కేసు షీట్లు రికార్డు రూము నుంచి తీయించండి. ఇరవై అయిదు గళ్ల ఫారం ఒకటి తయారు చేసి, ఇద్దరు ట్రైనీలను ఒకరిదొకరు చూడకుండా నింపమనండి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి, ప్రతి గడికీ ఎంత పొత్తు కుదిరిందో కప్పా (యాదృచ్ఛికంగా కలిసినదాన్ని తీసేసి పొత్తును కొలిచే అంకె, 1 అయితే పూర్తి పొత్తు) లెక్కించండి. 0.6 కంటే తక్కువ వచ్చిన గళ్లన్నీ నిర్వచనం సరిగా లేనివి. డేటా డిక్షనరీ (ప్రతి గడి అర్థం రాసిన పట్టిక) ఎందుకు రాయాలో ఉపన్యాసం చెప్పనక్కర్లేకుండా అక్కడే అర్థమవుతుంది.

ఆ యాభై షీట్లలో ఏం బయటపడుతుందో దాదాపు ముందే చెప్పొచ్చు. వయసులు 40, 45, 50 దగ్గర గుమిగూడి ఉంటాయి, ఎందుకంటే రోగి సుమారుగా చెప్పారు, గుమాస్తా గుండ్రం చేశాడు. చిరునామా గడిలో సొంతూరికి బదులు ఆసుపత్రి దగ్గర బస చేసిన బంధువుల ఇల్లు ఉంటుంది. అలా రాస్తే క్యాన్సర్లన్నీ నగరంలోనే ఉన్నట్టు కనిపిస్తాయి. రోగ నిర్ధారణ తేదీ అని ఒకరు బయాప్సీ తీసిన రోజు రాస్తారు, ఇంకొకరు రిపోర్టు వచ్చిన రోజు. రిపోర్టుకి ఆరు వారాలు పట్టే చోట బతికిన కాలం లెక్కే మారిపోతుంది. స్టేజీ సగం షీట్లలో ఉండదు. పూర్తి టీఎన్‌ఎమ్ (గడ్డ, గ్రంథులు, వ్యాప్తిని బట్టి స్టేజీ చెప్పే పద్ధతి) దొరకని చోట రిజిస్ట్రీల (క్యాన్సర్ కేసుల నమోదు పట్టికల) కోసం రూపొందించిన ఎసెన్షియల్ టీఎన్‌ఎమ్ వాడటం నేర్పండి. దూరపు వ్యాప్తి ఉందా, లేకపోతే గ్రంథులకు పాకిందా, లేకపోతే గడ్డ ఎంత దాకా ఉంది అని వరసగా అడుగుతూ పోయే పద్ధతి అది. నర్సు కూడా చేయగలదు.

ఇదయ్యాక ఐసీడీ-ఓ కోడింగ్, అంటే క్యాన్సర్ ఏ అవయవంలో, ఏ రకమో అంతర్జాతీయ కోడ్‌లో రాయడం. గర్భాశయ ముఖద్వారానికి సి53.9, స్క్వామస్ సెల్ కార్సినోమాకు 8070/3. చివరి అంకె 2 అయితే ఇంకా లోపలికి చొచ్చుకుపోనిది, 3 అయితే చొచ్చుకుపోయినది. ఆ ఒక్క అంకె తప్పితే స్క్రీనింగ్‌లో దొరికిన ముందస్తు మార్పులన్నీ క్యాన్సర్లుగా లెక్కలోకి వస్తాయి. సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. లియాన్‌లోని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ ఇచ్చే క్యాన్‌రెగ్5 ఉచితం. రిజిస్ట్రీలకు తోడ్పడేందుకు అదే సంస్థ 2011లో మొదలుపెట్టిన జీఐసీఆర్ కార్యక్రమం కింద ప్రాంతీయ కేంద్రాలు కూడా ఉన్నాయి. వాటికి రాయండి.

ఈ దశలో ప్రతి ట్రైనీకీ నాటుకోవాల్సిన ఒక తేడా ఉంది. ఆసుపత్రి రిజిస్ట్రీ వేరు, జనాభా రిజిస్ట్రీ వేరు. ఆసుపత్రికి వచ్చినవాళ్లను లెక్కపెట్టి "మా ప్రాంతంలో ఈ క్యాన్సర్ పెరిగింది" అని రాసే వ్యాసాలు లెక్కలేనన్ని. కొత్త రేడియోథెరపీ యంత్రం వస్తే, కొత్త సర్జన్ చేరితే, పక్క జిల్లాలో ఆసుపత్రి మూతపడితే కూడా కేసులు పెరుగుతాయి. ఇంకో సంగతి. రిజిస్ట్రీలో మైక్రోస్కోపుతో రుజువైన కేసులు నూటికి నూరు ఉంటే సంబరపడొద్దు. బయాప్సీ దాకా రాని కాలేయం, ఊపిరితిత్తులు, మెదడు క్యాన్సర్లు లెక్కలోంచి జారిపోతున్నాయని దాని అర్థం.

ల్యాబు శిక్షణ జన్యువులు చదివే సీక్వెన్సర్‌తో కాదు, కణజాలం పాడవకుండా ఉంచే ఫార్మలిన్ సీసాతో మొదలవ్వాలి. కణజాలం పాడైతే ఆ తర్వాత ఏ యంత్రమూ దాన్ని బాగుచేయలేదు. రొమ్ము క్యాన్సర్‌నే తీసుకోండి. ఆపరేషన్‌లో తీసిన ముక్క గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. పెద్ద ముక్కయితే 5 మిల్లీమీటర్ల పలకలుగా కోసి వేయాలి, లేకపోతే మధ్య భాగానికి ద్రవం చేరదు. ఫార్మలిన్ ముక్క కంటే పది రెట్లు ఉండాలి. కనీసం 6 గంటలు, ఎక్కువలో ఎక్కువ 72 గంటలు. ఆపరేషన్ శుక్రవారం సాయంత్రం జరిగి, ముక్క సెలైన్‌లోనో ఉత్త డబ్బాలోనో సోమవారం దాకా ఉండిపోతే ఈస్ట్రోజన్ రిసెప్టర్ (ఆ హార్మోన్‌ను పట్టుకునే ప్రోటీన్) నిజంగా ఉన్నా పరీక్షలో లేనట్టు వస్తుంది. ఆ రోగికి ఆ హార్మోన్‌ను అడ్డుకునే టామాక్సిఫెన్ మందు దక్కదు. మీ పరిశోధనా పత్రంలో మాత్రం "మా దేశంలో ట్రిపుల్ నెగెటివ్ (మూడు రిసెప్టర్లూ లేని రకం) ఎక్కువ" అని ఉంటుంది.

బఫర్ ఫార్మలిన్ కొనలేకపోతే అక్కడే కలపొచ్చు. లీటరుకు 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్ 100 మిల్లీలీటర్లు, నీళ్లు 900 మిల్లీలీటర్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరులేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ఆవిర్లను బయటికి లాగే యంత్రం కిందో, గాలి ఆడే గదిలోనో, గ్లవ్స్ వేసుకుని కలపాలి. ఫాస్ఫేట్లు లేకుండా నీళ్లు మాత్రమే కలిపితే ద్రవం క్రమంగా ఆమ్లమై స్లైడు మీద గోధుమరంగు మచ్చలు పడతాయి, డీఎన్‌ఏ కూడా తునకలవుతుంది. సీసా మీద ముక్క తీసిన సమయం, ఫార్మలిన్‌లో వేసిన సమయం అని రెండు గళ్లు అచ్చువేయించండి. థియేటర్ నర్సు ఆ రెండూ రాసే అలవాటు చేసుకుందంటే మీ ల్యాబు శిక్షణ సగం అయినట్టే.

బయోబ్యాంకు (పరిశోధన శాంపిళ్లు దాచే చోటు) అనగానే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ అడుగుతారు. తొందరపడొద్దు. కణజాలాన్ని దాచిన మైనం బ్లాకులు మామూలు గదిలో ఏళ్ల తరబడి ఉంటాయి, మొదటి అయిదారు పరిశోధనలకు అవే చాలు. బ్లాకుల గదిలో ఎండ, చెమ్మ, ఎలుకలు లేకుండా చూసుకోండి, ఏ అరలో ఏ నెంబరుందో రిజిస్టరు రాయించండి. ఫ్రీజర్ తప్పదనుకుంటే దాని వెంట స్టెబిలైజర్, జనరేటర్, ఆ జనరేటర్‌కు డీజిల్ పద్దు, రాత్రి అలారం మోగితే ఫోను ఎత్తే మనిషి, పాడైతే సరుకు మార్చడానికి రెండో ఫ్రీజర్‌లో ఖాళీ కూడా రావాలి. ఉచితంగా ఇస్తామన్న యంత్రం విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఏ కంపెనీ రీఏజెంటైనా పడుతుందా, ఆ కంపెనీదే కావాలా, మీ దేశంలో సర్వీసు ఇంజినీరు ఉన్నాడా అని అడగండి. సర్వీసు కాంట్రాక్టుకు ఏటా యంత్రం ఖరీదులో సుమారు పదో వంతు పక్కన పెట్టలేకపోతే ఆ యంత్రం తీసుకోకండి.

స్టాటిస్టిక్స్ గురించి. తరగతి గదిలో ఫార్ములాలు చెప్పి వదిలేస్తే ఎవరికీ అబ్బదు. వాళ్ల ప్రశ్నకే లెక్క వేయించండి. ఉదాహరణకు, మూడో దశ దాటి వచ్చేవాళ్లు 30 శాతం ఉంటారని అంచనా, 5 శాతం అటూ ఇటూ కచ్చితత్వం కావాలి. 1.96 వర్గాన్ని 0.3తో, 0.7తో గుణించి 0.05 వర్గంతో భాగిస్తే 323. పదో వంతు షీట్లలో స్టేజీ దొరకదనుకుంటే 359 తీయాలి. 10 శాతం అటూ ఇటూ చాలనుకుంటే 81 సరిపోతాయి. ఈ ఒక్క లెక్క చేస్తే, వంద మందితో పది రకాల పోలికలు చేయబోవడం ఎందుకు కుదరదో తెలిసొస్తుంది.

తక్కువ ఆదాయ దేశాల పత్రాలు ఎక్కువగా పడిపోయేది ఫాలో-అప్ దగ్గర. మూడో వంతు రోగులు ఏడాదిలో కనిపించకుండా పోతే, కాలం గడిచేకొద్దీ ఎంతమంది బతికున్నారో చూపే కాప్లాన్-మేయర్ గీత వాళ్లందరినీ మిగతావాళ్లలాగే బతుకుతున్నట్టు లెక్కకడుతుంది. నిజానికి రావడం మానేసినవాళ్లలో చాలామంది చనిపోయి ఉంటారు, లేదా డబ్బు లేక ఆగిపోయి ఉంటారు. గీత అందంగా ఉంటుంది, అబద్ధం చెబుతుంది. దీనికి మందు సాఫ్ట్‌వేర్‌లో లేదు. చేరిన రోజే రెండు ఫోను నెంబర్లు, వేరే ఇంట్లో ఉండే బంధువు నెంబరు ఒకటి, ఇంటికి గుర్తులు రాసుకోవాలి. ఫోను చేయడానికి సమ్మతి అప్పుడే తీసుకోవాలి. మూడు, ఆరు, పన్నెండు నెలలకు రిసెర్చ్ నర్సు ఫోను చేయాలి. ఈమె జీతం మీ బడ్జెట్‌లో అత్యంత విలువైన పద్దు.

పిల్లల క్యాన్సర్‌లో అయితే చికిత్స మధ్యలో మానేయడాన్ని విడిగా నమోదు చేయాలి. వరసగా నాలుగు వారాలు, అంతకంటే ఎక్కువ రాకపోతే మానేసినట్టు అని అంతర్జాతీయంగా వాడే నిర్వచనం ఉంది. మానేయడాన్ని కూడా వైఫల్యంగానే లెక్కించి ఒక గీత, అలా లెక్కించకుండా ఒక గీత, రెండూ చూపించమనండి. ఆ రెంటి మధ్య తేడా చూస్తే మీ ఆసుపత్రికి కొత్త మందు ముందు కావాలా, ప్రయాణ ఖర్చులు ఇవ్వడం ముందు కావాలా తెలుస్తుంది.

బయోఇన్ఫర్మాటిక్స్ (జన్యు డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించడం) నేర్పాలంటే ఇంటర్నెట్ నెమ్మదిగా ఉన్నా నడిచే నమూనా ఆఫ్రికాలో ఉంది. హెచ్3ఏబయోనెట్ అనే నెట్‌వర్క్ 2016 నుంచి చాలా దేశాల్లో ఒకేసారి తరగతులు నడిపింది. పాఠాల వీడియోలు ముందే దించుకుని ఉంటారు, ప్రతి చోటా ఒక సహాయకుడు గదిలో ఉంటాడు, సందేహాల సమయంలో మాత్రమే అందరూ లైవ్‌లో కలుస్తారు. అందరికీ ఇది అవసరం లేదు. జట్టులో ఒకరు నేర్చుకుంటే చాలు.

ప్రోటోకాల్ (పరిశోధన ఎలా చేయాలో రాసే ప్రణాళిక) వర్క్‌షాపు మాత్రం అందరికీ కావాలి. ఏడాది చివర్లో పెట్టండి, ముందు పెడితే వృథా. స్విట్జర్లాండ్‌లోని ఫ్లిమ్స్‌లో 1990ల చివర్లో మొదలైన పద్ధతి ఇది. అదే తరహాలో భారతదేశపు నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ క్రెడో అనే ఆరు రోజుల రెసిడెన్షియల్ వర్క్‌షాపు నడుపుతోంది. ప్రతి ఒక్కరూ సొంత పరిశోధన ఆలోచనను ఒక పేజీలో రాసుకుని వస్తారు. పగలు పాఠాలు, చిన్న బృందాల్లో నిపుణుల విమర్శ. రాత్రి తిరగరాయడం. వారం చివరికి చేతిలో పూర్తి ప్రోటోకాల్ ఉంటుంది. మీరు పెట్టుకుంటే బృందానికి ఎనిమిది మందికి మించొద్దు. ప్రతి బృందానికీ ఒక స్టాటిస్టీషియన్ ఉండాలి, అతను వారమంతా అక్కడే ఉండాలి. ఆసుపత్రికి దూరంగా పెట్టండి, లేకపోతే మధ్యాహ్నానికి సగం మంది వార్డుకు వెళ్లిపోతారు. ఎంపికకు నిబంధన ఒకటే: ఆ పేజీలో డేటా ఎక్కణ్ణుంచి వస్తుందో, ఏటా ఎంతమంది అలాంటి రోగులు వస్తారో అంకెతో ఉండాలి. ఆ అంకె లేని దరఖాస్తు ఎంత గొప్పగా ఉన్నా వెనక్కి పంపండి. డాక్టర్లు తమ ఓపీకి వచ్చే రోగుల సంఖ్యను ఎక్కువగా ఊహించుకుంటారు. రిజిస్టరు తీసి లెక్కపెడితే సగం ఉంటుంది, అర్హత నిబంధనలు పెట్టాక అందులో సగం మిగులుతుంది.

ఎథిక్స్ అనుమతికి నాలుగు నుంచి ఆరు నెలలు క్యాలెండర్‌లో పెట్టండి. కమిటీ సభ్యులకూ శిక్షణ ఇవ్వండి, ఎందుకంటే ఆంకాలజీ ట్రయల్ చూడని కమిటీ ప్రతి కాగితాన్నీ మూడుసార్లు వెనక్కి పంపుతుంది, లేదా చదవకుండా సంతకం పెడుతుంది. రెండూ ప్రమాదమే. సమ్మతి పత్రాన్ని రోగి భాషలో రాసి, చదవడం రాని ఇద్దరికి వినిపించి, తిరిగి చెప్పమని అడగాలి. "ఏ మందు ఇవ్వాలో డాక్టరుగారే నాకు తగినట్టు చూసి నిర్ణయిస్తారు" అని వాళ్లు చెబితే, యాదృచ్ఛిక కేటాయింపు గురించి రాసిన పేరా తిరగరాయాలి. వేలిముద్ర వేసేవాళ్లకు పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలి. మిగిలిన కణజాలాన్ని తర్వాతి పరిశోధనలకు వాడటానికి విడిగా ఒక గడి పెట్టండి.

చర్చకు పెట్టడానికి మంచి ఉదాహరణ భారతదేశంలో జరిగిన గర్భాశయ ముఖద్వార స్క్రీనింగ్ ట్రయల్స్. ముంబయిలో సుమారు లక్షన్నర మంది మహిళలున్న ట్రయల్‌లో, ఎసిటిక్ యాసిడ్ పూసి కంటితో చూసే పరీక్షతో ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. పరీక్ష చేసింది శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. అదే సమయంలో, పోలిక కోసం ఉంచిన గుంపుకు స్క్రీనింగ్ లేకుండా ఇన్నేళ్లు ఉంచడం న్యాయమా అని తీవ్రమైన వివాదం నడిచింది. దేశంలో అప్పటికి ఉన్న మామూలు సేవ ఏదో దానితో పోల్చాలా, ప్రపంచంలో ఉన్న మంచి సేవతో పోల్చాలా? మీ ట్రైనీలు రెండు పక్షాలా వాదించగలగాలి. రేపు వాళ్ల ప్రోటోకాల్‌లోనూ ఇదే ప్రశ్న వస్తుంది.

ఇక నిలబెట్టుకోవడం. బాండు రాయించుకుంటే నిలుస్తారనుకోకండి. బాండు మనిషిని ఆపొచ్చు, పరిశోధనను పుట్టించదు. అమెరికాలో శిక్షణకు వెళ్లేవాళ్లకిచ్చే జే-1 వీసాకు రెండేళ్లు స్వదేశంలో ఉండాలనే షరతు వర్తించినవాళ్లు కూడా ఆ రెండేళ్లూ ఓపీ చూసి మళ్లీ వెళ్లిపోవచ్చు. వెళ్లేవాళ్లు చెప్పే కారణాల్లో జీతం ఒకటి మాత్రమే. సమయం లేకపోవడం, పేరు దక్కకపోవడం, పైకి వెళ్లే మెట్టు కనిపించకపోవడం అంతకంటే తక్కువవేమీ కావు. ఈ మూడిటికీ చేయగలిగింది ఉంది.

సమయం: "పరిశోధనకు రెండు రోజులు" అని ఉత్తర్వు ఇస్తే చాలదు. ఆ రెండు రోజులు ఓపీ ఎవరు చూస్తారో వాళ్ల పేరు రోస్టర్‌లో ఉండాలి, వాళ్ల జీతం గ్రాంటులో ఉండాలి. లేకపోతే మొదటి నెలలోనే ఆ రెండు రోజులు కరిగిపోతాయి. సహోద్యోగుల మనసులో కష్టం కూడా మిగులుతుంది.

పేరు: విదేశీ భాగస్వామితో పని మొదలవ్వకముందే రాసుకోండి. మొదటి రచయిత, చివరి రచయిత ఎవరు? డేటా అసలు ప్రతి ఎక్కడ ఉంటుంది? శాంపిళ్లు బయటికి వెళితే ఎన్ని, దేనికి, మిగిలింది తిరిగొస్తుందా? శాంపిల్ వెళ్లినచోటికి ట్రైనీ కూడా వెళ్లి విశ్లేషణలో కూర్చోవాలని ఆ ఒప్పందంలోనే పెట్టండి. విమానంలో పెట్టె ఒక్కటే వెళితే, మీ ఆసుపత్రి సేకరణ కేంద్రంగా మిగిలిపోతుంది.

మెట్టు: ప్రమోషన్ నిబంధనల్లో పరిశోధన లెక్కలోకి వస్తుందా చూడండి. డేటా మేనేజరుకూ రిసెర్చ్ నర్సుకూ అసలు ప్రమోషన్ దారే ఉండదు, వాళ్లే ముందు వెళ్లిపోతారు. ప్రాజెక్టు అయ్యేనాటికి వాళ్ల పోస్టులు ఆసుపత్రి సొంత బడ్జెట్‌లోకి రావడానికి మొదటి ఏడాదే ఫైలు కదపాలి. మూడో ఏడాది కదిపితే ఆలస్యమైపోతుంది.

మెంటర్లు ఒక్కొక్కరికి ఇద్దరు కావాలి, ఒకరు ఇక్కడివారు, ఒకరు బయటివారు. పదిహేను రోజులకోసారి ముప్పావు గంట, ఎజెండా ట్రైనీ రాయాలి, ఏం చేయాలని తేలిందో ఆ సాయంత్రమే మెయిల్ వెళ్లాలి. ఇక్కడి మెంటరు సమయానికి డబ్బు ఇవ్వండి. బయటివాళ్లకు పారితోషికం, ఇక్కడివాళ్లకు ధన్యవాదాలు అనే పద్ధతి ఎక్కువకాలం నడవదు.

నిధులు ఒకే దేశం నుంచి వచ్చే ప్రమాదం కూడా మనసులో ఉంచుకోండి. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ కొత్త విధానం వచ్చేదాకా కొత్త విదేశీ సబ్‌అవార్డులు (గ్రాంటులో విదేశీ భాగస్వామికి వెళ్లే వాటా) ఇవ్వబోమని 2025 మే 1న ప్రకటించింది. చరిత్రలో ఇంకా గట్టి ఉదాహరణ కంపాలాలో ఉంది. ఉగాండా క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1967లో అమెరికా సహకారంతో మొదలై బర్కిట్ లింఫోమా అనే క్యాన్సర్ చికిత్సలో ముఖ్యమైన ట్రయల్స్ చేసింది. 1970ల్లో నియంత ఇడీ అమీన్ పాలనలో అమెరికన్లు వెళ్లిపోయారు. సంస్థ మూతపడలేదు, ఎందుకంటే చార్లెస్ ఒల్వెనీ వంటి స్థానిక వైద్యులు అప్పటికే తయారై ఉన్నారు. పరిశోధన తగ్గింది, రోగుల్ని చూడటం ఆగలేదు. అందుకే గ్రాంటు దరఖాస్తు రాయడం, ఖాతాలు చూడటం తెలిసిన ఒక మనిషిని కూడా మీ జట్టులో తయారు చేయండి. మంచి సైన్సు ఉండి, ఖర్చుల రిపోర్టు సరిగా పంపలేక రెండో విడత డబ్బు ఆగిపోవడం తరచుగా జరిగేదే.

చదవడానికి పత్రికలు దొరకవని ఆగనక్కర్లేదు. రిసెర్చ్4లైఫ్ కింద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి నడిపిస్తున్న హినారీ అనే పత్రికల పథకంలో మీ దేశం ఏ గ్రూపులో ఉందో చూడండి. ఏ గ్రూపైతే వైద్య పత్రికలు ఉచితం, బీ గ్రూపైతే తక్కువ రుసుము. డేటా ఎక్కించడానికి రెడ్‌క్యాప్ అనే సాఫ్ట్‌వేర్‌ను లాభాపేక్ష లేని సంస్థలకు లైసెన్సు రుసుము లేకుండా ఇస్తారు, సర్వర్ మాత్రం మీరే చూసుకోవాలి.

ఫలితం ఎలా కొలవాలని కూడా అడుగుతారు, నిధులిచ్చినవాళ్లు తప్పకుండా అడుగుతారు. ఎంతమంది హాజరయ్యారు, ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చారు అనేవి చూపించక తప్పదు, చూపించండి. మీకోసం మాత్రం వేరే పట్టిక పెట్టుకోండి. కేసు షీట్లలో స్టేజీ రాసినవి ఎంత శాతం? ఫార్మలిన్ సమయం రాసిన సీసాలు ఎంత శాతం? ఏడాది తర్వాత ఆచూకీ తెలిసిన రోగులు ఎంత శాతం? ఆరు నెలలకోసారి ఈ మూడు అంకెలు చాలు. అయిదేళ్లకు ఇంకో మూడు: ఎవరు అక్కడే ఉన్నారు, ఎవరు తమ పేరు మీద గ్రాంటు తెచ్చారు, ఎవరు ఇంకొకరికి నేర్పుతున్నారు.

మీ మూడేళ్ల డబ్బును నేనైతే ఇలా పంచుతాను. సుమారు సగం జీతాలకు, అంటే ఓపీ భర్తీ చేసే డాక్టరు, డేటా మేనేజరు, నర్సు. అయిదో వంతు తిరిగొచ్చినవాళ్ల చిన్న గ్రాంటులకు. ఆరో వంతు బయటి ప్రయాణాలకు. మిగిలింది వర్క్‌షాపు, మెంటర్లు, సర్వీసు కాంట్రాక్టులు. ప్రయాణాల వాటా చాలా తక్కువని విదేశీ భాగస్వాములు అంటారు, గట్టిగా ఉండండి.

రికార్డు రూము అనుమతి ఈ నెలలోనే తీసుకుని యాభై షీట్ల పని మొదలుపెట్టొచ్చు, దానికి గ్రాంటు మొదటి విడత కోసం ఆగనక్కర్లేదు. ఏ క్యాన్సర్ ఎంచుకున్నారో ఇక్కడ రాస్తే, ఇరవై అయిదు గళ్లలో ఏవేవి ఉండాలో నిర్వచనాలతో సహా పెడతాను.